ఒకే వీధిలో పలు రకాల ఇళ్లు: ఇండోర్ 'అరణ్య' నుంచి నేర్చుకోవలసినది

[తెరపై: ఒక లేఅవుట్ నక్షా. వెనక మూలన విడిగా ఉన్న చిన్న బ్లాకు చుట్టూ ఎర్ర గీత పడుతుంది.]

ప్రేక్షకులకు నమస్కారం.

పెద్ద గృహ సముదాయానికి అనుమతి కోరుతూ టౌన్ ప్లానింగ్ విభాగానికి వెళ్లే దస్త్రంలో విస్తీర్ణాల పట్టిక ఒకటి ఉంటుంది. పెద్ద ఇళ్లు ఎన్ని, మధ్యతరగతి ఇళ్లు ఎన్ని, ఆర్థికంగా బలహీన వర్గాల ఇళ్లు ఎన్ని అన్న లెక్క అందులో తేలుతుంది. కేంద్ర ప్రభుత్వం 2007లో ప్రకటించిన జాతీయ పట్టణ గృహ, ఆవాస విధానం ప్రతి కొత్త గృహ ప్రాజెక్టులోనూ 10 నుంచి 15 శాతం భూమిని గానీ, కట్టడానికి అనుమతి ఉన్న విస్తీర్ణంలో 20 నుంచి 25 శాతాన్ని గానీ, ఏది ఎక్కువైతే దాన్ని, బలహీన, అల్పాదాయ వర్గాలకు కేటాయించాలని సూచించింది. ఇందుకు బలమైన కారణమే ఉంది. ఒక కాలనీలో వంట చేసేవారు, కాపలా కాసేవారు, కొళాయిలు బాగుచేసేవారు ఆ దరిదాపుల్లో ఇల్లు దొరక్క ఊరి చివర ఉండవలసివస్తే, వారి సంపాదనలోనూ రోజులోనూ పెద్ద భాగం ప్రయాణానికే పోతుంది.

అయితే పట్టిక సరిపోయినంత మాత్రాన నగరం కోరుకున్నది జరిగిపోదు. చిన్న ఇళ్లన్నిటినీ వెనక మూలన, మురుగుకాలువ పక్కన, వేరే గేటు పెట్టి కట్టినా అంకెలు సరిపోతాయి. ఏ ఇల్లు దేని పక్కన ఉండాలి, ఎటు తెరుచుకోవాలి, కుటుంబం పెరిగితే ఇల్లు ఎటు పెరగాలి అన్న ప్రశ్నలకు నక్షాలోనే సమాధానం ఉండాలని నేను గట్టిగా నమ్ముతాను. ఆ సమాధానాన్ని శ్రద్ధగా వెతికిన ఒక భారతీయ ఉదాహరణను ఈ వీడియోలో పరిశీలిద్దాం.

[తెరపై: భారతదేశ పటం. ఇండోర్ నగరం వెలుగుతుంది.]

1980లలో ఇండోర్ అభివృద్ధి సంస్థ నగరానికి ఉత్తరాన, సుమారు 85 హెక్టార్ల భూమిలో 'అరణ్య' అనే నివాస ప్రాంతాన్ని తలపెట్టింది. దాదాపు 6,500 ప్లాట్లు, వాటిలో 65 శాతం అత్యంత పేద కుటుంబాలకు అన్నది లక్ష్యం. రూపకల్పన బాధ్యతను వాస్తుశిల్పి బాలకృష్ణ దోషి, ఆయన నెలకొల్పిన వాస్తుశిల్ప ఫౌండేషన్ తీసుకున్నారు. ఈ పనికి 1995లో ఆగా ఖాన్ వాస్తుశిల్ప పురస్కారం లభించింది. 2018లో దోషికి వాస్తుశిల్పంలో అత్యున్నతంగా భావించే ప్రిట్జ్‌కర్ బహుమతి ప్రకటించినప్పుడు కూడా అరణ్య ప్రస్తావన వచ్చింది.

దోషి బృందం గీతలు గీయడానికి ముందు ఇండోర్ మురికివాడల్లో జనం ఎలా బతుకుతున్నారో చూసింది. ఇంటి ముందు అరుగు మీద కూరలు తరగడం, బీడీలు చుట్టడం, చెట్టు కింద చిన్న దుకాణం నడపడం, సందు మలుపు దగ్గర పిల్లలు ఆడుకోవడం, ఇవన్నీ ఇల్లు చాలక వీధిలోకి వచ్చిన పనులు. చిన్న ఇంటికి వీధి ఒక గదిలాంటిదని ఈ పరిశీలన తేల్చింది. అందువల్లే అరణ్యలో వీధి వెడల్పు, దాని వంపు, అరుగుకు వదిలిన జాగా ఇంటి నక్షాతో సమానంగా ఆలోచించి గీసినవి.

[తెరపై: ఒక చిన్న ప్లాటు. పునాది, తరువాత ఒక గది, తరువాత మేడమెట్లు ఒక్కొక్కటిగా లేస్తాయి.]

ఇక్కడి అతి చిన్న ప్లాటు సుమారు 35 చదరపు మీటర్లు, అంటే 42 గజాలు. ఆంధ్రప్రదేశ్ పట్టణాల్లో పేదలకు ఇచ్చిన సెంటు స్థలం 48 గజాలకు కాస్త పైన ఉంటుంది కనుక, ఇది అంతకంటే చిన్నది. అంత చిన్న జాగాలో పూర్తి ఇల్లు కట్టి చేతికిస్తే ఖర్చు పెరుగుతుంది, పైగా అది ఏ కుటుంబానికీ సరిగ్గా అమరదు. అందుకని పునాది, మరుగుదొడ్డి, స్నానానికి చోటు, నీరు, కరెంటు వసతులు సిద్ధం చేసి, మిగతాది కుటుంబం తన శక్తికొద్దీ కట్టుకునేలా ఏర్పాటు చేశారు. కొందరికి ఒక గది కూడా కట్టి ఇచ్చారు. ఏది ఎలా పెంచుకోవచ్చో చూపడానికి దోషి 80 నమూనా ఇళ్లను రూపొందించారు. ఒకే గది ఉన్న ఇంటి నుంచి విశాలమైన ఇంటి వరకు వాటిలో ఉన్నాయి. అరుగు, బాల్కనీ, బయటి మెట్లు వంటి భాగాలను యజమాని తనకు నచ్చినట్లు కలుపుకోవచ్చు, ఇటుకైనా రాయైనా తనకు వీలైనది వాడుకోవచ్చు.

పది ఇళ్లు ఒక గుంపుగా కూడి ఒక వీధిలోకి తెరుచుకుంటాయి, ప్రతి ఇంటికీ వెనక చిన్న పెరడు ఉంటుంది. ఇరవై ఇళ్లకు ఒక సెప్టిక్ ట్యాంకు. మరుగుదొడ్లు దగ్గర దగ్గరగా ఉంటే పైపుల పొడవు తగ్గుతుంది, పైపులు తగ్గితే ఇంటి ధర తగ్గుతుంది. ఇంత చిన్న ఇంట్లో పది గజాల పైపు మిగిలినా అది కుటుంబానికి లెక్కలోకి వచ్చే డబ్బే.

ఇక ప్లాట్ల అమరిక చూడండి. మధ్యన వ్యాపారాలు ఉండే వెన్నెముక లాంటి దారి, దానికి ఇరువైపులా ఆరు సెక్టార్లు. ఎక్కువ ఆదాయ వర్గాల ప్లాట్లు అంచులలోనూ వెన్నెముక దారి వెంటా ఉన్నాయి. చిన్న ప్లాట్లు మాత్రం ఒక్క మూలన పోగుపడకుండా, ఆరు సెక్టార్లలోనూ లోపలి భాగంలో ఉన్నాయి. పెద్ద ప్లాట్లు అమ్మగా వచ్చిన సొమ్ము చిన్న ప్లాట్ల ధర తగ్గించడానికి తోడ్పడింది. ఆ విధంగా రకరకాల ఇళ్లు ఉండడం వల్లనే ప్రాజెక్టు ఆర్థికంగా నిలబడింది.

[తెరపై: బేలాపూర్. చిన్న ముంగిలి చుట్టూ ఏడు ఇళ్లు.]

ఇదే కాలంలో నవీ ముంబై బేలాపూర్‌లో మరో వాస్తుశిల్పి చార్లెస్ కొరియా వేరొక దారి పట్టారు. ఆయన ప్లాట్ల తేడాను 45 నుంచి 75 చదరపు మీటర్ల లోపే ఉంచి, భేదాన్ని ఇంటి నిర్మాణంలో చూపారు. ఏడు ఇళ్ల మధ్య ఎనిమిది మీటర్ల ముంగిలి, అలాంటి మూడు గుంపుల మధ్య పన్నెండు మీటర్ల ముంగిలి. పక్కింటితో గోడ ఉమ్మడి కాదు కనుక ఎవరి ఇల్లు వారు ఎవరినీ అడగకుండా పెంచుకోవచ్చు. ఇంత సమానత్వం ఖరీదైన భూమిలో సాధించడం కష్టం కాబట్టి మన నగరాలకు దోషి పద్ధతే దగ్గరగా ఉంటుందని నా అభిప్రాయం.

[తెరపై: కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీ వీధి.]

తెలుగువారికి ఈ విషయం కొత్త కాదు. కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీలో ఎల్ఐజీ (అల్పాదాయ), ఎంఐజీ (మధ్యాదాయ), హెచ్ఐజీ (అధికాదాయ) అన్న మాటలు చిరునామాల్లోనే కలిసిపోయాయి. నేల మీద ఇల్లు ఉన్నందున ఎన్నో కుటుంబాలు పైన అంతస్తు వేసుకున్నాయి, ముందు గదిని దుకాణం చేసుకున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ సంస్థ టిడ్కో కట్టించిన ఇళ్లు 300, 365, 430 చదరపు అడుగుల మూడు రకాలుగా జీ ప్లస్ త్రీ (నేల అంతస్తు, దానిపై మూడు అంతస్తులు) భవనాల్లో వచ్చాయి. తెలంగాణ డబుల్ బెడ్‌రూమ్ ఇల్లు 560 చదరపు అడుగులు. ఇవి ఎందరికో గట్టి కప్పును ఇచ్చాయి, అది చిన్న మేలు కాదు. అయినా మూడో అంతస్తులో ఉన్న కుటుంబం కొడుకు పెళ్లయ్యాక మరో గది వేసుకోలేదు, కుట్టుమిషన్ పెట్టుకోవడానికి అరుగు ఉండదు. కనీసం నేల అంతస్తు ఇళ్లలో కొన్నిటిని వీధివైపు తెరుచుకునే దుకాణ గదితో ఇవ్వడం రూపకర్త చేతిలో ఉన్న పని.

[తెరపై: ఐదు ఎకరాల ఖాళీ నక్షా. ప్లాట్లు నిండుతాయి.]

ఒక లెక్క వేసి చూద్దాం. ఐదు ఎకరాలంటే 24,200 గజాలు. రోడ్లకు, పార్కుకు, ఇతర అవసరాలకు 40 శాతం పోయిందనుకుంటే సుమారు 14,500 గజాలు మిగులుతాయి. అన్నీ 200 గజాల ప్లాట్లే వేస్తే 72 వస్తాయి. 200 గజాలవి 26, 100 గజాలవి 50, 42 గజాలవి 100 వేస్తే 14,400 గజాల్లో 176 కుటుంబాలకు చోటు దొరుకుతుంది. చిన్న ప్లాట్లు పెరిగితే వీధి పొడవు పెరుగుతుందన్నది నిజమే. అందుకే ప్రతి గుమ్మం ముందుకూ కారు రావాలన్న పట్టుదల వదిలి, నియమాలు అనుమతించిన మేరకు నడిచే సందులు వేసి, అగ్నిమాపక వాహనానికి తగిన దారిని గుంపు అంచు దాకా తేవాలి. 42 గజాల ఇంటికి నాలుగువైపులా సెట్‌బ్యాక్, అంటే గోడకూ హద్దుకూ మధ్య ఖాళీ, వదలమంటే ఇల్లే మిగలదు కాబట్టి వరుస ఇళ్లుగా చూపించి, గాలి వెలుతురు పెరటి నుంచి తేవాలి.

అనుమతికి వెళ్లేటప్పుడు పట్టికతో పాటు ఇంకో రెండు బొమ్మలు జతచేయడం మంచిది. పెద్ద ఇల్లు, చిన్న ఇల్లు ఎక్కడ కలుస్తాయో చూపే వీధి ముఖచిత్రం ఒకటి, ఇల్లు దశలవారీగా ఎలా పెరుగుతుందో, ఆ పెరుగుదల పక్కింటి వెలుతురును అడ్డుకోకుండా ఎక్కడ ఆగాలో చూపే చిత్రం మరొకటి. వీటిని చూసిన అధికారికి శాతాలకు మించి అడగవలసిన ప్రశ్నలు కనిపిస్తాయి.

[తెరపై: అరణ్య, ఇటీవలి వీధి దృశ్యం.]

నక్షా ఒక్కదానితో కానిది ఒకటుంది. అరణ్యలో కాలక్రమంలో చాలా ప్లాట్లు చేతులు మారాయి, నమూనా ఇళ్లు ఎంతగానో మారిపోయాయి. స్థలం ధర పెరిగిన కొద్దీ పేద కుటుంబానికి అమ్మేయాలన్న ఒత్తిడి పెరుగుతుంది. అందువల్ల కొన్నేళ్ల పాటు అమ్మకంపై నిబంధన, అమ్మవలసివస్తే అదే ఆదాయ వర్గానికే అమ్మాలన్న షరతు, కొందరికి అద్దె ఇళ్లు అనుమతి పత్రంలోనే ఉండాలి. మెయింటెనెన్స్ రుసుము కూడా ముందే తేలాలి. క్లబ్ హౌస్, ఈత కొలను ఖర్చును వాడుకునేవారికే పరిమితం చేసి, నీరు, వీధి దీపాలు, చెత్త సేకరణ ఖర్చును మాత్రం ఇంటి విస్తీర్ణాన్ని బట్టి అందరికీ పంచితే, 42 గజాల కుటుంబం ఆ కాలనీలో నెలనెలా ఖర్చు భరించగలుగుతుంది.