బేస్ వాయించినాయన పేరు చెప్పావా?

అందరికీ నమస్కారం.

"మీ రెగే షో గురించి ఒక పావుగంట మాట్లాడండి" అన్నారు. రెగే అంటే జమైకాలో పుట్టిన సంగీతం. రేడియోలో నేను పాటకీ పాటకీ మధ్య 40 సెకన్లకు మించి నోరు విప్పను. మధ్యలో తడబడితే ఏమీ అనుకోకండి.

ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో ఒక చిన్న కమ్యూనిటీ రేడియోలో శనివారం రాత్రి రెండు గంటలు నావి. జీతం లేదు, టీ ఉంటుంది. జమైకా లెక్కలో డీజే అంటే మైకు పట్టుకుని లయలో మాటలు పలికేవాడు. రికార్డులు ఎంచి పెట్టేవాడు సెలెక్టర్. నేను సెలెక్టర్‌ని.

మొదలుపెట్టిన ఏడాదే మే 11 వచ్చింది. 1981లో రెగే గాయకుడు బాబ్ మార్లీ 36 ఏళ్లకే పోయిన రోజు అది. నివాళి షో అని వారం ముందు నుంచీ ఊదరగొట్టాను. తీరా చేసిందేమిటంటే, అందరికీ తెలిసిన పాటలే వరసపెట్టి వేసి, మధ్యమధ్యలో గొంతు బరువు చేసుకుని నాలుగు ముక్కలు చెప్పడం. షో అయ్యాక మా ఊళ్లోనే హ్యాండ్స్‌వర్త్ పేట నుంచి ఒక జమైకా పెద్దాయన ఫోన్ చేశాడు. "ఆ పాటలన్నీ మా ఇంట్లో ఉన్నాయి. రెండు గంటల్లో బేస్ వాయించినాయన పేరు ఒక్కసారైనా చెప్పావా?" అని పెట్టేశాడు. తిట్టినా బాగుండేది.

మార్లీ పాటల్లో ఆ బేస్, అంటే మంద్రంగా మోగే గిటార్, వాయించినాయన ఆస్టన్ బారెట్. అందరికీ 'ఫ్యామిలీ మ్యాన్'. డ్రమ్స్ మీద తమ్ముడు కార్ల్‌టన్. ఆస్టన్ తన మొదటి బేస్ గిటార్‌ని ప్లైవుడ్ చెక్కతో తానే చేసుకున్నాడని, తీగ బదులు కర్టెన్ రాడ్డు బిగించాడని చెబుతారు.

2024 ఫిబ్రవరి 3న ఫ్యామిలీ మ్యాన్ పోయారు. తర్వాతి శనివారం షో వేరేగా కట్టాను. మొదట మార్లీ పాటే పెట్టలేదు. 1969 నాటి 'లిక్విడేటర్' పెట్టాను. పైన విన్‌స్టన్ రైట్ ఆర్గన్, కింద ఈయన బేస్. తర్వాత అగస్టస్ పాబ్లో మెలోడికా (నోటితో ఊదుతూ వాయించే చిన్న కీబోర్డు) రికార్డు. అరగంటకు గానీ మార్లీ గొంతు రాలేదు. "పాడేవాడిని కాసేపు వదిలేయండి, కింద నడుస్తున్నది వినండి" అని మాత్రం చెప్పాను.

వినడం ఎలాగో ఇక్కడే చూద్దాం. చేత్తో తాళం వేస్తూ ఒకటి, రెండు, మూడు, నాలుగు లెక్కపెట్టండి. మన చెయ్యి 'ఒకటి' దగ్గర గట్టిగా పడుతుంది కదా. భజనకైనా అంతే. కార్ల్‌టన్ అక్కడ ఏమీ కొట్టడు, ఖాళీ వదిలేస్తాడు. దెబ్బ 'మూడు' దగ్గర పడుతుంది. దీన్నే 'వన్ డ్రాప్' అంటారు. గిటారేమో రెండు, నాలుగు దగ్గర 'చక్' మంటుంది. కొత్తవాళ్లకు మెట్టు తప్పినట్టు అనిపిస్తుంది. రెండు పాటలు వింటే కాలు దానంతటదే సర్దుకుంటుంది.

ఇక థీమ్ సంగతి. కొత్తలో 'ప్రేమ', 'శాంతి' అని పెట్టేవాణ్ణి. రెగేలో ఏ రికార్డు తీసినా వాటిలోకి వచ్చేస్తుంది, ఇక ఎంచినట్టేముంది? థీమ్ ఎంత ఇరుకుగా ఉంటే అంత మంచిది. ఒక్క వాయిద్యం, లేదా ఒక్క రిడిమ్, అంటే పాట కింద నడిచే వాయిద్యాల ట్రాక్. 'ఫలానా పాట వరస' అని పైన రాసి కింద కొత్త భజన రాసుకోవడం మనకు అలవాటే. అక్కడ వరస అదే, మాటలు కొత్తవి. రిడిమ్‌లో వాయిద్యాల ట్రాక్ అదే, దానిమీద వరసా మాటలూ రెండూ కొత్తవే.

1985లో వేన్ స్మిత్ పాడగా ప్రిన్స్ జామీ విడుదల చేసిన 'స్లెంగ్ టెంగ్' చూడండి. అందులో బేస్ వాయించే మనిషే లేడు. కాసియో ఎంటీ-40 అనే బుల్లి కీబోర్డులో కంపెనీ ముందే పెట్టిన లయ అది. దాన్ని కట్టింది హిరోకో ఒకుడా అనే జపాన్ అమ్మాయి, కాలేజీలో రెగే మీద థీసిస్ రాసిన మనిషి. ఆ ఒక్క రిడిమ్ మీద వందల పాటలొచ్చాయి. నేను ఉత్సాహం ఆపుకోలేక గంటసేపు అదే వేశాను. అరగంటకు మెసేజ్: "రికార్డు ఇరుక్కుపోయిందా?" ఇప్పుడు 20 నిమిషాలకు ఆపేస్తున్నాను.

అన్నట్టు, ఈ పాటల్లో 'గంజా' అని వినబడితే మనవాళ్లు ముసిముసిగా నవ్వుతారు. 1845 నుంచి జమైకా చెరకు తోటలకు వెళ్లిన మన దేశపు కూలీలతో అక్కడికి చేరిన మాట అది.

40 సెకన్ల నియమం నాకు మైకీ డ్రెడ్ వల్ల అబ్బింది. 1970ల చివర్లో ఆయన జమైకా రేడియో జేబీసీలో ఇంజనీరు. అక్కడ విదేశీ పాటలే ఎక్కువగా మోగే రోజుల్లో, అర్ధరాత్రి షోలో అచ్చంగా రెగేనే వేశాడు. కబుర్ల బదులు తాను చేసుకున్న జింగిల్స్ వదిలేవాడు.

ఏప్రిల్ 17 కార్ల్‌టన్ పోయిన రోజు. 1987లో కింగ్‌స్టన్‌లో ఆయన ఇంటి ముందే కాల్చి చంపారు. ఆ వారం షోకి లిస్టు ఇంకా కుదరలేదు, మొదటి పాట దగ్గరే ఆగిపోయాను. రెండు రికార్డులు వెంట తెచ్చాను. స్పీకరు పెడతాను, 'మూడు' దగ్గర దెబ్బ దేనిలో బాగా వినబడుతుందో మీరే చెప్పండి.