“నేను వెళ్తానండీ” అన్న రోజు

వేదిక మీది పెద్దలకు, నాతో కలిసి పనిచేసిన అక్కలకు, అన్నలకు, కొత్తగా చేరిన పిల్లలకు నమస్కారం. శాలువా కప్పినందుకు సంతోషం. నాకిచ్చింది పది నిమిషాలు కాబట్టి నేరుగా విషయానికి వస్తాను.

బ్యాంకుల్లో యంత్రాలు పెట్టాలని 1984లో రంగరాజన్ కమిటీ చెప్పింది. ఆయనే తర్వాత మన రాష్ట్రానికి గవర్నరుగా వచ్చారు. ఎనభైల చివర్లో మా బ్రాంచికీ లెడ్జర్ పోస్టింగ్ మిషన్ వచ్చింది, ఖాతా పుస్తకాల్లో చేత్తో రాసే లెక్కల్ని ఎక్కించే యంత్రం. ఏఎల్‌పీఎం అనేవాళ్లం. “ఎవరు నేర్చుకుంటారు?” అని మేనేజరు గారు అడిగితే గుమాస్తాలెవరూ మాట్లాడలేదు. మిషన్ వస్తే ఉద్యోగాలు పోతాయని అందరికీ టెన్షన్. ఆ భయాన్ని నేను తప్పుపట్టను, ఇళ్లు గడవాలి కదా. నాకు టైపు కూడా రాదు. అయినా “నేను వెళ్తానండీ” అన్నాను.

ఎందుకన్నానంటే, జూన్, డిసెంబరు వచ్చాయంటే సేవింగ్స్ వడ్డీ లెక్కలు. అప్పట్లో నెలలో పదో తారీఖు నుంచి ఆఖరి రోజు దాకా ఖాతాలో ఉన్న అతి తక్కువ నిల్వ మీదే వడ్డీ. ఒక్కో ఖాతాకి ఆరు నెలల నిల్వలు వెతికి కూడాలి. నేను ఇల్లు చేరేసరికి మా అమ్మాయి నిద్రపోయి ఉండేది. ఆ లెక్క మిషన్ చేస్తుందన్నారు. నాకు అది చాలు.

మొదటి నెల బ్యాలెన్సింగ్‌లో ఖాతాల మొత్తాలు సరిచూస్తే 270 రూపాయలు తేడా వచ్చింది. మిషన్‌దే తప్పన్నారు అందరూ. నేను 270ని తొమ్మిదితో భాగించి చూశాను. సరిగ్గా పోయింది. లెడ్జర్లు రాసినవాళ్లకి ఇది తెలుసు: తేడా తొమ్మిదితో పోతే, అంకెలు తారుమారయ్యాయేమో చూడాలి. వోచర్లన్నీ మళ్లీ తిరగేస్తే రాత్రి ఎనిమిదింటికి దొరికింది. 4,630 కొట్టాల్సిన చోట 4,360 కొట్టాను. కొత్త పనికి వెళ్తే ఇరవై ఏళ్ల పాత పని పోతుందనుకున్నాను గానీ, అదే వెంట వచ్చి కాపాడింది. తర్వాత చుట్టుపక్కల బ్రాంచీలకు వెళ్లి నేర్పాను. ఆఫీసరు ప్రమోషన్ కూడా దీనివల్లే వచ్చింది.

ఈ కథ చాలా సభల్లో చెప్పాను. ప్రతిసారీ ఒక మనిషిని వదిలేశాను. ఈ రోజు వదలను.

ఆ రోజు నాతోపాటు, లెడ్జర్లూ కాగితాలూ అందించే మా దఫ్తరీ గారు కూడా “నేనూ నేర్చుకుంటానండీ” అన్నారు. ఖాతా నంబరు చెబితే చాలు, ఏ లెడ్జరో వెతక్కుండా తీసిచ్చే మనిషి. “నీకెందుకయ్యా, టీ సంగతి చూడు” అన్నారు ఒక ఆఫీసరు. దఫ్తరీ గారు తలవంచుకుని గ్లాసులు తీసుకెళ్లారు. నేను పక్కనే ఉన్నాను. ఒక్క మాట అనలేదు. 4,630 దొరికిందన్నానే, ఆ రాత్రి నా వెనక నిలబడి వోచర్లు ఒక్కొక్కటీ పైకి చదివింది ఆయనే! ఆ అంకె దగ్గర ఆగి, “అమ్మా, ఇది మళ్లీ చూడండి” అన్నదీ ఆయనే. దఫ్తరీగానే రిటైరయ్యారు.

మేనేజర్లూ, వచ్చే నెల శిక్షణకు పేర్లు అడుగుతున్నారట. ఆ కాగితం ఆఫీసర్ల బల్లల దగ్గరే ఆపకండి. అటెండర్లకీ, స్వీపర్లకీ చూపించండి. పేరిచ్చినవాళ్లకి ఆ వారం మిగతా పని తగ్గించండి.

బాబూ, ట్రే పట్టుకుని తలుపు దగ్గర నిలబడ్డావు, నిన్నే. టీ తర్వాత ఇద్దువుగాని. నేర్చుకుంటావా? నీ పేరు చెప్పు, రాసుకుంటాను.