ట్రంప్ తమ్ముడు రాబర్ట్: పేరేమో అన్నది, దెబ్బలేమో తమ్ముడివి!

రాబర్ట్ ట్రంప్ పేరెత్తితే చాలు, అందరిదీ ఒకటే పాట. సౌమ్యుడు, గొడవల జోలికి పోడు, అన్నలా కాదు. 2020 ఆగస్టులో ఆయన పోయినప్పుడు కూడా టీవీల్లో ఇవే మాటలు. సరే, సౌమ్యుడే అనుకుందాం. కానీ ఒక్క విషయం గట్టిగా చెప్తాను, వినండి. ఆ ఇంట్లో దెబ్బ ఎక్కడ పడబోతుంటే అక్కడ రాబర్ట్‌ను నిలబెట్టారు. ఒకసారి, రెండుసార్లు కాదు, ముప్పై ఏళ్లు అదే పని!

నమ్మరా? డోనాల్డ్ 1987లో వచ్చిన తన సొంత పుస్తకంలోనే చెప్పుకున్నాడు. చిన్నప్పుడు ఇద్దరూ బొమ్మ దిమ్మెలతో ఆడుకుంటున్నారు. డోనాల్డ్‌కు పెద్ద బిల్డింగ్ కట్టాలనిపించింది, దిమ్మెలు చాల్లేదు. తమ్ముణ్ణి అడిగి ఆయనవి తీసుకున్నాడు, ఆట అయ్యాక ఇస్తానన్నాడు. కట్టిన బిల్డింగ్ ఎంత నచ్చిందంటే, మొత్తం జిగురుతో అంటించేశాడు. అంతే, తమ్ముడి దిమ్మెలు ఇక తమ్ముడికి లేవు. దీన్ని ఆయన సరదా ముచ్చటగా రాసుకున్నాడండీ! నాకైతే చదివినప్పుడు ఒళ్లు మండిపోయింది.

ఇక పెద్దయ్యాక చూడండి. రాబర్ట్ బోస్టన్ యూనివర్సిటీలో చదివి, వాల్ స్ట్రీట్‌లో పనిచేసి, తర్వాత అన్న కంపెనీలో చేరాడు. 1989 అక్టోబర్ 10న న్యూజెర్సీలో హెలికాప్టర్ కూలి, ట్రంప్ క్యాసినోలు నడిపే ముగ్గురు పెద్ద అధికారులు చనిపోయారు. అట్లాంటిక్ సిటీలో తాజ్ మహల్ క్యాసినో ఇంకా కడుతూనే ఉన్నారు. దాని మీద 67.5 కోట్ల డాలర్ల బాండ్లు, 14 శాతం వడ్డీ! పద్నాలుగు శాతం అంటే ఆ ఇల్లు మునిగినట్టే కదా. ఆ అప్పు అన్నది, ఆ ఆర్భాటం అన్నది. నడిపేవాళ్లు పోయాక ఆ బరువు రాబర్ట్ నెత్తిన పడింది.

1990 ఏప్రిల్ 2న తెరిచారు. నాణేలు వేసి జూదమాడే స్లాట్ మిషన్ల డబ్బు లెక్క తేలలేదు. లెక్క సరిచూసేదాకా వాటిని ఆపేయాల్సి వచ్చింది. క్యాసినో తెరిచి మిషన్లు ఆపుకోవడమంటే ఎంత నామర్దా! అప్పుడు డోనాల్డ్ ఏం చేశాడు? ట్రంప్ ప్లాజా క్యాసినో నడిపిన జాక్ ఓడొన్నెల్ తర్వాత చెప్పిన దాని ప్రకారం, అందరి ముందూ తప్పంతా తమ్ముడి మీదికి నెట్టాడు. రాబర్ట్ ఎదురు తిరిగి అరవలేదు. నాకిది అక్కర్లేదని లేచి వెళ్లిపోయాడట. అట్లాంటిక్ సిటీకి ఆయన రాంరాం చెప్పింది అప్పుడే. మరుసటి ఏడు ఆ క్యాసినో దివాలా కోర్టుకెక్కింది. పద్నాలుగు శాతం వడ్డీ తెచ్చింది రాబర్ట్ కాదు కదా!

ఇక్కడ ఒక్క నిమిషం పక్కకు వెళ్తాను, ఎందుకంటే ఈ ముచ్చట చెప్పకుండా ఉండలేను. అదే 1990 డిసెంబర్‌లో డోనాల్డ్ ఇంకో క్యాసినో, ట్రంప్ క్యాసిల్, వడ్డీ కట్టలేని స్థితికి వచ్చింది. తండ్రి ఫ్రెడ్ ట్రంప్ ఏం చేశాడో తెలుసా? ఒక లాయర్‌ను చెక్కుతో పంపించి, ఒక్కోటి 5,000 డాలర్ల చిప్స్, అంటే పందెం కాయడానికి డబ్బు బదులు వాడే బిళ్లలు, 670 కొనిపించాడు. 33.5 లక్షల డాలర్లు! ఒక్క పందెం కూడా ఆడలేదు. కొడుక్కి దొడ్డిదారిన డబ్బు అందింది. ఇది అక్రమ అప్పేనని న్యూజెర్సీ అధికారులు తేల్చి జరిమానా కూడా వేయించారు. పెద్దాయనకు ఏ కొడుకు మీద గురి ఉందో దీంతోనే అర్థమైపోతుంది.

రాబర్ట్ మాత్రం బ్రూక్లిన్‌లో అవెన్యూ జెడ్ ఆఫీసుకు, తండ్రి అద్దె అపార్ట్‌మెంట్ల వ్యాపారం చూసుకోవడానికి వెళ్లాడు. అక్కడ పేరు రాదు, ఫొటోలు రావు, కానీ గుట్లన్నీ తెలుస్తాయి. 1992లో ఆల్ కౌంటీ అని ఒక కంపెనీ పెట్టారు. యజమానులు ట్రంప్ సంతానం, వాళ్ల కజిన్ ఒకాయన. తండ్రి బిల్డింగులకు కావాల్సిన బాయిలర్ల లాంటి సరుకు ఈ కంపెనీ పేరు మీద కొన్నట్టు చూపించి, ధర పెంచి బిల్లు వేశారని, ఆ తేడా పిల్లలు పంచుకున్నారని న్యూయార్క్ టైమ్స్ 2018లో బయటపెట్టింది. ఆ పెరిగిన బిల్లు చూపించి అద్దెలు కూడా పెంచొచ్చు! ఈ మాట రాబర్టే ప్రమాణం మీద వాంగ్మూలంలో ఒప్పుకున్నాడు, ధర ఎంత ఎక్కువ చూపిస్తే అద్దె అంత పెంచుకునే వీలుందని. ఆ ఇళ్లలో అద్దెకుండే మామూలు మనుషుల సంగతి ఎవరికి పట్టింది?

ఆ కథనం వచ్చినప్పుడు డోనాల్డ్ లాయర్ అంతా అబద్ధమన్నాడు. కుటుంబం తరఫున, కట్టాల్సిన పన్నులన్నీ కట్టామని ప్రకటన వచ్చింది. ఎవరి పేరు మీద? రాబర్ట్ పేరు మీద! అన్న వైట్ హౌస్‌లో, సంజాయిషీ తమ్ముడిది.

ఇంటి గుట్టు లంకకు చేటు అంటాం కదా. ఆ గుట్టు పత్రికకు అందించింది వాళ్ల పెద్దన్న ఫ్రెడ్ జూనియర్ కూతురు మేరీ ట్రంప్. 2020 జూన్‌లో, ఈ కుటుంబం గురించి ఆమె రాసిన పుస్తకం ఆపాలని కోర్టుకు వెళ్లింది ఎవరు? మళ్లీ రాబర్టే. అప్పటికే ఐసీయూలో ఉండి వచ్చిన మనిషని వార్తలొచ్చాయి. ఆస్పత్రి నుంచి బయటపడ్డ డెబ్బై ఒక్కేళ్ల మనిషిని కోర్టు కాగితాల్లో వాదిగా నిలబెట్టడానికి ఆ ఇంట్లో ఎవరికి మనసొప్పిందండీ? తనంతట తనే వెళ్లాడని మీరనొచ్చు. వెళ్లే ఉంటాడు, అన్నకు వెయ్యి శాతం మద్దతని 2016లోనే చెప్పిన మనిషి కదా. అలా అలవాటు చేశారనే నా బాధ!

ఆ కేసుకు ఆధారం, ఫ్రెడ్ ఆస్తి మీద మేరీతో వచ్చిన తగాదా ముగిస్తూ 2001లో రాసుకున్న ఒప్పందం. నోరు విప్పకూడదని మేరీ దాని మీద సంతకం పెట్టింది. జడ్జి ఒప్పుకోలేదు. జూలై 14న పుస్తకం వచ్చింది, మొదటి రోజుకే ముందస్తు ఆర్డర్లతో కలిపి 9.5 లక్షల కాపీలు అమ్ముడయ్యాయని ప్రచురణకర్తలు ప్రకటించారు. నెల తిరిగేసరికి, ఆగస్టు 15న, రాబర్ట్ పోయాడు. వైట్ హౌస్‌లోనే అంత్యక్రియల కార్యక్రమం పెట్టారు. తమ్ముడే కాదు, నా ప్రాణస్నేహితుడు అన్నాడు డోనాల్డ్.

అక్కడితో వదిలారా? లేదు. సెప్టెంబర్‌లో మేరీ తన వారసత్వం విషయంలో మోసం చేశారంటూ దావా వేసింది. డోనాల్డ్ మీద, వాళ్ల అక్క మేరియాన్ మీద, చనిపోయిన రాబర్ట్ ఆస్తి మీద! 2022 నవంబర్‌లో దాన్ని కొట్టేశారు. దేని ఆధారంగా? అదే 2001 ఒప్పందం. రాబర్ట్ బతికుండగా పుస్తకాన్ని ఆపలేకపోయిన ఆ కాగితమే, ఆయన పోయాక అన్నను కోర్టు నుంచి బయటపడేసింది.

ఇప్పుడు కింద కామెంట్‌లో చెప్పండి, ఈయన్ని ఇంకా ఉత్త సౌమ్యుడనే అంటారా?