భూకంపం వస్తే రాజోలు దీవికి దారి ఉంటుందా?

[స్క్రీన్: గోదావరి డెల్టా మ్యాప్. వశిష్ఠ, వైనతేయ పాయలు, సముద్రం మధ్య రాజోలు దీవి]

నమస్తే అండి. గోదావరి జిల్లాల్లో వరదకు, తుఫానుకు అందరూ సిద్ధమే. భూకంపం అనగానే మాత్రం "అది మన దాకా రాదులెండి" అంటాం. 1969 ఏప్రిల్ 13న భద్రాచలం దగ్గర 5.7 తీవ్రతతో వచ్చింది. 2024 డిసెంబర్ 4న ములుగు జిల్లాలో 5.3తో వచ్చింది. రెండూ గోదావరి లోయలోనే. టెన్షన్ పెట్టడానికి చెప్పట్లేదు. రోడ్ల సంగతి ముందే లెక్కేసుకోవచ్చని చెప్తున్నాను.

[స్క్రీన్: బోరు దగ్గర సుత్తి దెబ్బలు]

ముందు నేల చూడాలి. మనది ఒండ్రు, ఇసుక, కాస్త తవ్వితే నీళ్లు. నీళ్లతో నిండిన వదులు ఇసుకను గట్టిగా కుదిపితే కాసేపు అది బరువు మోయడం మానేస్తుంది. 1964లో జపాన్‌లోని నీగాటాలో, కొత్తగా కట్టిన షోవా వంతెన ఇలాగే పడిపోయింది. అది 7.5 స్థాయి భూకంపం. మన దగ్గర అంతటిది వస్తుందని కాదు, ఇసుక స్వభావం అలాంటిదని.

దీన్ని పరీక్షించే పద్ధతి మోటుగానే ఉంటుంది. 63.5 కిలోల సుత్తిని 75 సెంటీమీటర్ల పైనుంచి వదులుతారు. బోరు అడుగున గొట్టం 30 సెంటీమీటర్లు దిగడానికి ఎన్ని దెబ్బలు పడ్డాయో లెక్కపెడతారు. పది లోపే దిగిపోయిందా, ఆ ఇసుకను నమ్మొద్దు.

[స్క్రీన్: వంతెన చివర, అప్రోచ్ రోడ్డు కలిసే చోటు]

ఇక వంతెన. అందరూ స్తంభాలనే చూస్తారు. నేనైతే ముందు ఈ అతుకు చూస్తాను. వంతెన లోతైన పునాదుల మీద నిలబడుతుంది, అప్రోచ్ (వంతెన మీదికి ఎక్కే రోడ్డు) మాత్రం పోసిన మట్టి. మట్టి ఒక అడుగు కుంగితే చాలు, వంతెన చెక్కుచెదరకపోయినా అంబులెన్స్ ఎక్కలేదు. ఏటిగట్టు మీద వేసిన రోడ్లకూ ఇదే భయం: గట్టు ఏటివైపు జారితే రోడ్డు నిలువునా చీలుతుంది.

[స్క్రీన్: మ్యాప్‌లో ఒక్కో గీత చెరిపేస్తూ]

ఇప్పుడు అసలు లెక్క. రాజోలు దీవి నుంచి బయటపడే పెద్ద దారులు చించినాడ వంతెన, బోడసకుర్రు వంతెన, పి.గన్నవరం అక్విడక్టు (కాలువను ఏటి మీదుగా దాటించే వంతెన). ఒక్కోటి తీసేసి, రాజోలు నుంచి పెద్దాసుపత్రికి ఎంతసేపు పడుతుందో మళ్లీ లెక్కిస్తారు. ఏది తీస్తే టైం ఎక్కువ పెరుగుతుందో దానికే ముందు మరమ్మతు.

ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. మాటవరసకి ఒక్కో వంతెన మూసుకుపోయే అవకాశం పదిలో ఒకటి అనుకోండి. మూడూ ఒకేసారి మూసుకుపోవడం వెయ్యిలో ఒకటేగా, పర్లేదు అనిపిస్తుంది. కానీ ఆ గుణకారం ఇక్కడ పనికిరాదు. మూడింటినీ కుదిపేది ఒకే భూకంపం, మూడింటి కిందా దాదాపు ఒకే రకం ఇసుక. ఒకటి పోయిందంటే మిగతా రెండూ పోయే అవకాశం పెరిగినట్టే. కాబట్టి వంతెనల్ని విడివిడిగా కాకుండా, ఒక్కో భూకంపాన్ని ఊహించి మొత్తం మ్యాప్‌ను ఒకేసారి కుదిపి చూడాలి.

మరమ్మతుకు పట్టే కాలాన్నీ కలపాలి. కుంగిన అప్రోచ్‌కు గ్రావెల్ పోసి త్వరగానే దారి ఇవ్వొచ్చు, స్తంభాల మీద స్లాబును మోసే బేరింగుల మీంచి స్లాబు పక్కకి జరిగితే మాత్రం నెలల పని.

"సఖినేటిపల్లి నుంచి నరసాపురానికి పంటు (ఏరు దాటించే పెద్ద పడవ) ఉందిగా" అంటారు. నిజమే, దాన్నీ మ్యాప్‌లో గీయాలి. కాకపోతే పంటు ఆగే రేవు కూడా ఏటి ఒడ్డు ఇసుక మీదే ఉంది. అందుకే దాన్ని చుక్కల గీతగా గీస్తాను.