కపోసి మచ్చలు కోసేస్తే పోతాయా?

నమస్తే అండి. కపోసి సార్కోమా అనే క్యాన్సర్ మీద చేసిన పోయిన వీడియో కింద ఒకాయన రాశారు, "స్కిన్ క్యాన్సరే కదా, మచ్చలు కోసి పారేస్తే సరి" అని. దానికి బోలెడు లైకులు! అది చూసి కడుపు మండిపోయింది నాకు. ఒక్క మాట గట్టిగా చెప్తా వినండి. హెచ్‌ఐవీ ఉన్నవాళ్లకి వచ్చే కపోసి సార్కోమాకి మొదటి మందు హెచ్‌ఐవీ మాత్రలే.

అసలు ఆ మచ్చ ఎలా ఉంటుంది? నేరేడు పండు నలిపి రాసినట్టు ఊదా రంగు. మన ఛాయ మీదైతే ఇంకా నల్లగా కనిపిస్తుంది. వేలితో నొక్కినా రంగు పోదు. దురద ఉండదు, మొదట్లో నొప్పీ ఉండదు. అక్కడే మోసపోతారు! కాళ్ల మీద, ముక్కు కొన మీద వస్తుంది. టార్చి వేసి చూస్తే అంగిట్లోనూ ఉండొచ్చు. కొందరికి కాలు వాచిపోయి చెప్పు పట్టదు. ఊపిరితిత్తుల్లోకి పాకితే ఆయాసం, దగ్గితే రక్తం. ఎన్ని చోట్లని కోస్తారండీ?

1872లో వియన్నాలో మోరిట్జ్ కపోసి అనే డాక్టరు దీన్ని మొదట వర్ణించారు. ఆ తర్వాత వందేళ్లు ఇది ఎక్కువగా ముసలివాళ్ల జబ్బే. 1981 జులైలో న్యూయార్క్, కాలిఫోర్నియాల్లో 26 మంది మగవాళ్లకి, అందులో ఎక్కువమంది వయసులో ఉన్నవాళ్లకి వచ్చిందని రిపోర్టు రాగానే ప్రపంచం ఉలిక్కిపడింది. కారణం 1994లో దొరికింది. యువాన్ చాంగ్, పాట్రిక్ మూర్ దంపతులు ఒక హెర్పిస్ వైరస్‌ని పట్టుకున్నారు, హెచ్‌హెచ్‌వీ-8. ఒంట్లో రోగాన్ని తట్టుకునే శక్తి ఉన్నంతకాలం అది నోరు మూసుకుని పడి ఉంటుంది. హెచ్‌ఐవీ ఆ శక్తిని తినేస్తే లేస్తుంది. అందుకే ఏఆర్‌టీ మాత్రలు, అంటే హెచ్‌ఐవీని అణిచే మాత్రలు, సరిగ్గా వేసుకుంటే, తక్కువ మచ్చలున్న చాలామందికి ఆ మచ్చలు వాటంతటవే తగ్గుముఖం పడతాయి.

నన్నడిగితే "స్కిన్ క్యాన్సర్" అన్న పేరే కొంప ముంచుతోంది. ఆ పేరు విని ఆయింట్‌మెంట్ కొనుక్కుంటారు!

జబ్బు ముదిరితే కీమో కావాలి, కాదనను. లైపోసోమల్ డాక్సోరూబిసిన్ బాగా పనిచేస్తుంది, కానీ ఖరీదు. కెన్యా, మలావీ, ఉగాండా లాంటి దేశాల్లో పాత మందుల్నే పోల్చి చూసిన పరీక్షలో పాక్లిటాక్సెల్ అనే కీమో మందు గెలిచింది. ఆ పరీక్షలో కూడా ప్రతి పేషెంటుకీ కీమోతో పాటు ఏఆర్‌టీ ఇచ్చారు, గుర్తుపెట్టుకోండి.

మన దేశంలో ఈ క్యాన్సర్ అరుదు. 2004 నుంచి ఏఆర్‌టీ ఉచితం కూడా. మాత్రలు మొదలుపెట్టిన కొత్తలో కొందరికి మచ్చలు ఒక్కసారి పెరుగుతాయి. టెన్షన్ పడి మానేయకండి, వెంటనే ఏఆర్‌టీ సెంటర్‌కి వెళ్లండి. ఇంకొకటి, స్టెరాయిడ్ పడితే ఈ జబ్బు రెచ్చిపోతుంది. ఆయాసం అనగానే ఊళ్లో సూది పొడిచేస్తారు కదా, అందులో ఏముందో ముందు అడగండి.