ఇన్‌స్పెక్టరుగారి బావగారు

శ్రోతలకు నమస్కారం.

ముప్పై ఏళ్లు బ్యాంకుల లెక్కలు తనిఖీ చేసే సర్కారీ ఉద్యోగం చేసి, రిటైరయ్యాక బరంపురంలో స్థిరపడ్డవాణ్ణి. మాకు ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, ఆఫీసులో ఇంగ్లీషు. మూడు భాషలూ గడగడా మాట్లాడతాను, మాట్లాడకుండా ఉండటం మాత్రం ఆలస్యంగా నేర్చుకున్నాను. ఆ సంగతే ఇవాళ చెబుతాను.

చేరిన రోజున ఒక కాగితం మీద సంతకం పెట్టించారు. విధేయత, గోప్యత ప్రకటన. పనిలో తెలిసినవి, తెలుసుకునే అధికారం లేనివాళ్లకు చెప్పనని మాట ఇవ్వడమన్నమాట. చట్టంలోనూ ఉంది. ఎవరు ఎంత అప్పు తీసుకున్నారో, ఎలా కడుతున్నారో బ్యాంకులు రిజర్వు బ్యాంకుకు తెలియజేస్తే, అది బయటపెట్టకూడదని 1934 నాటి రిజర్వు బ్యాంకు చట్టంలో 45ఇ సెక్షను చెబుతుంది. అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు. గోప్యత అంటే బీరువా తాళమనుకున్నాను. ఫైలు ఇంటికి తేకపోతే చాలనుకున్నాను.

మా బావగారిది ఇచ్ఛాపురం. మా ఆవిడకు అన్నగారు. రైలెక్కితే గంట తిరక్కుండా మా గుమ్మంలో ఉంటారు. ఒకసారి వచ్చి, "ఫలానా బ్యాంకులో డబ్బు వేద్దామనుకుంటున్నాను బావగారూ, మీరు చూసొచ్చారట కదా, ఫర్వాలేదా?" అన్నారు. ఆ బ్యాంకు లెక్కలు అద్దంలా ఉన్నాయి. "నిశ్చింతగా వేసుకోండి" అన్నాను. మంచి మాటే కదా, చెబితే ఎవరికి నష్టం?

నా తప్పు అక్కడ జరిగింది. తర్వాత జరిగినదాంట్లో కాదు, అక్కడే.

రెండేళ్లు గడిచాయి. ఠాకురాణి జాతరకు బావగారు వచ్చారు. అందరం భోజనాలకు కూర్చున్నాం. ఇంకో బ్యాంకు పేరు చెప్పి, "మరి ఇది?" అన్నారు. సరిగ్గా ఆ బ్యాంకు తనిఖీ ముగించి నేను ఇల్లు చేరి రెండు రోజులైంది. వాళ్లిచ్చిన అప్పుల్లో సగం వసూలయ్యేవి కావు. చారన్నం కలుపుతున్న నా చెయ్యి ఆగిపోయింది. ఒక్క మాట అనలేదు. "కాస్త మజ్జిగ పొయ్యి" అన్నాను మా ఆవిడతో. చారన్నం ముద్ద నోట్లో పెట్టకుండానే మజ్జిగ! బావగారిది జీడిపప్పు వ్యాపారం. గుప్పెట్లో పోసుకుని చూసి రేటు చెప్పే మనిషి. నా మొహం చూసి చెప్పలేరా?

మర్నాడు బ్యాంకు తలుపు తీసే వేళకు ఆయన కౌంటరు ముందున్నారు. కూతురి పెళ్లికి దాచిన డిపాజిట్టు మొత్తం తీసేశారు. తర్వాత ఆయన తోడల్లుడు. తర్వాత వియ్యంకుడు. వారం తిరక్కుండా మా చుట్టాల్లో నాలుగు కుటుంబాలు. నేను ఎవరికీ ఏమీ చెప్పలేదండీ!

కొన్ని నెలలకు ఆ బ్యాంకు మీద ఆంక్షలొచ్చాయి. ఖాతాకు వెయ్యి రూపాయలు మించి ఇవ్వకూడదు. ఆ రోడ్డున వెళుతుంటే బ్యాంకు ముందు వరసలో, మాకు అప్పడాలు తెచ్చిచ్చే ఆవిడ కనబడింది. పాస్‌బుక్కు పాలిథిన్ కవర్లో చుట్టి, దాన్ని మళ్లీ కొంగులో ముడివేసుకుంది. వేళ్లకు మినప్పిండి ఆరిపోయి ఉంది, పని మధ్యలో లేచి వచ్చినట్టుంది. "బాబూ, మీరు ఈ లెక్కల ఆఫీసరంట కదా, నా డబ్బులొస్తాయా?" అంది.

బ్యాంకు పాడవడం నా వల్ల కాదు. కానీ వరసలో ముందు నిలబడే అవకాశం మావాళ్లకు ఇచ్చింది నేనే. ఆవిడకు ఇన్‌స్పెక్టరు బావ లేడు.

గోప్యత పేరుతో బ్యాంకుల తప్పులు దాచేస్తారని కొందరంటారు. అందులో నిజం లేకపోలేదు. 2015లో సుప్రీంకోర్టు అందుకే రిజర్వు బ్యాంకుకు గట్టిగా చెప్పింది, తనిఖీ నివేదికలు సమాచార హక్కు కింద ఇవ్వాల్సిందేనని. నాకు ఆ తీర్పు నచ్చింది. నివేదిక చట్టప్రకారం బయటికొస్తే అందరికీ ఒకేసారి తెలుస్తుంది, నా మొహం మీంచి వస్తే మా బావగారికే తెలుస్తుంది. ఆఫీసులోనే అక్రమం కనబడితే కేంద్ర విజిలెన్స్ కమిషన్‌కు రాసే దారి 2004 నుంచి ఉంది. టీ కొట్టు ఆ దారి కాదు. పైగా టీ కొట్టు మాట బాగున్న బ్యాంకునూ కుదిపేస్తుంది. 2003 ఏప్రిల్లో గుజరాత్‌లో ఉత్త పుకారుకే ఐసీఐసీఐ బ్యాంకు ఏటీఎంల ముందు జనం బారులు తీరారు.

ఇలాంటి ఉద్యోగాల్లో ఉన్న పిల్లలకు ఒక్క మాట. చెడ్డ బ్యాంకు గురించి చెప్పకూడదని అందరికీ తెలుసు. మంచి బ్యాంకు గురించి కూడా చెప్పకండి. మంచిదని ఒకసారి చెప్పారో, ఇంకోసారి చెప్పని రోజున అది చెడ్డదని చెప్పినట్టే. మంచికీ చెడుకీ జవాబు ఒకటే ఉండాలి. ఇంట్లో బ్యాంకుల మాట ఎత్తనని పెళ్లిచూపుల్లోనే చెప్పేయండి, టెన్షన్ ఉండదు.

మరి అడిగినవాళ్లకు ఏం చెప్పాలి? అందరికీ చెప్పదగ్గవి చెప్పండి. బ్యాంకు మూతపడితే డిపాజిట్ ఇన్సూరెన్సు కింద ఒక మనిషికి ఒక బ్యాంకులో అసలు, వడ్డీ కలిపి 5 లక్షల దాకా వస్తుంది. 2020 ఫిబ్రవరి ముందు అది లక్షే. ఒకే బ్యాంకు రెండు బ్రాంచీల్లో వేసినా లెక్క ఒకటే, వేరే బ్యాంకులో వేస్తే వేరే లెక్క. ఆంక్షలు పెట్టిన బ్యాంకుల్లో 90 రోజుల్లోగా ఈ డబ్బు ఇవ్వాలని 2021లో చట్టం మార్చారు. సహకార బ్యాంకులకూ ఇది ఉంది. పల్లెల్లో ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘంలో దాచుకున్న సొమ్ముకు మాత్రం లేదు. ఇదంతా మా ఇంటి కాలింగ్ బెల్ కొట్టినవాళ్లందరికీ చెబుతాను. అప్పడాల ఆవిడకూ చెప్పాను, కాకపోతే ఆలస్యంగా.

బావగారు ఇప్పటికీ వస్తారు, ఇప్పటికీ అడుగుతారు. బ్యాంకు బాగున్నా, బాగులేకపోయినా, అసలు నాకు దాని పేరే తెలియకపోయినా, నేను మజ్జిగ పొయ్యమంటాను. మా ఆవిడ ఇప్పుడు గిన్నె నా పక్కనే పెట్టి వెళుతోంది.