స్కానింగ్ గదిలో అత్తగారి ప్రశ్న: విశాఖపట్నం స్టూడియో చర్చ

సమన్వయకర్త: నమస్కారం. మహారాణిపేటలోనో జగదాంబ కూడలి దగ్గరో ఏ స్కానింగ్ కేంద్రానికి వెళ్లినా, లింగ నిర్ధారణ పరీక్షలు చేయబడవన్న బోర్డు గోడ మీద కనిపిస్తుంది. అయినా అడిగేవారు తగ్గారా, డాక్టరుగారూ?

వైద్యురాలు: తగ్గలేదండీ, అడిగే తీరు మారింది. అయిదో నెలలో, బిడ్డ అవయవాలన్నీ సరిగా ఉన్నాయో లేదో చూసే టిఫా స్కాన్‌కు కోడలిని వెంటబెట్టుకొచ్చిన అత్తగారు, బిడ్డ గుండె, వెన్నెముక బాగున్నాయని నేను చెబుతుండగానే, "పట్టు పరికిణీ కొనమంటారా, పంచె కొనమంటారా?" అని అడుగుతారు. నేను నవ్వినా దాన్నే జవాబుగా తీసుకుంటారు కనుక, తెర మీది నుంచి చూపు తిప్పకుండా కొలతలు చదువుకుంటూ పోతాను.

న్యాయవాది: లింగ నిర్ధారణను నిషేధించిన 1994 నాటి చట్టం, కడుపులో బిడ్డ ఆడో మగో మాటతోనే కాదు, సైగతోనైనా మరే విధంగానైనా చెప్పకూడదంటుంది. తొలిసారి నేరం రుజువైతే పరీక్ష చేసినవారికి మూడేళ్ల వరకు జైలు, 10 వేల రూపాయల వరకు జరిమానా; చేయించమని వచ్చిన బంధువులకు జైలు అంతే గానీ, జరిమానా 50 వేల దాకా ఉంటుంది. గర్భిణిని మాత్రం, కాదని రుజువయ్యేదాకా, భర్తో బంధువులో బలవంతపెట్టి తెచ్చారనే కోర్టు భావించాలని 24వ సెక్షన్ చెబుతుంది. మన ఇళ్ల సంగతి ఎరిగినవారు రాసిన సెక్షన్ అది.

సమన్వయకర్త: అమెరికాలోని మనవాళ్లు పుట్టబోయేది ఆడో మగో కేకు కోసి మరీ ప్రకటిస్తున్నారు. ఇక్కడివారు ముచ్చటకు అడిగితే తప్పేమిటంటారు.

వైద్యురాలు: ముచ్చటకే అడిగేవారు లేకపోలేదు. అయితే వారిని, మూడోసారీ ఆడపిల్లేమోనన్న బెదురుతో వచ్చినవారిని గదిలో విడదీసి చూడటం నా వల్ల కాదు. దేశంలో ఆరేళ్లలోపు వెయ్యిమంది మగపిల్లలకు 2001లో 927 మంది ఆడపిల్లలుంటే, 2011 నాటికి 919 మందే ఉన్నారు. పైగా బిడ్డ ఆడో మగో తేల్చేది తండ్రి నుంచి వచ్చే క్రోమోజోమ్. మాటలు పడేది మాత్రం కోడలు.

సమన్వయకర్త: వైద్యపరంగా అవసరమైతే?

వైద్యురాలు: రక్తం సరిగా గడ్డకట్టని హీమోఫిలియా వంటి జబ్బులు ఎక్కువగా మగపిల్లల్లోనే బయటపడతాయి. కుటుంబంలో అటువంటి చరిత్ర ఉంటే, జన్యు పరీక్షలకు చట్టం అవకాశం ఇస్తుంది.

న్యాయవాది: అయితే గర్భిణి రాతపూర్వక సమ్మతి ఆమెకు అర్థమయ్యే భాషలో తీసుకోవాలి, దాని నకలు ఆమెకు ఇవ్వాలి.

సమన్వయకర్త: అంటే పాడేరు నుంచో పలాస నుంచో వచ్చిన, ఇంగ్లీషు రాని ఆవిడకు తెలుగు పత్రమే ఇవ్వాలన్నమాట.

న్యాయవాది: అంతే. ఇంగ్లీషు కాగితం మీద సంతకం పెట్టించుకుంటే అది చట్టం కోరిన సమ్మతి కాదు.